చలికాలంలో కోడిపిల్లల వసతి: బ్రూడర్ దాటిన దశ

పుట్టినప్పటి నుంచి వెచ్చదనమిచ్చిన బ్రూడర్‌లో ఇక పట్టనంతగా కోడిపిల్లలు పెరిగాక, పెద్దకోళ్ళ గూటికి చేరేదాకా వాటిని ఎక్కడ, ఎలా ఉంచాలన్నది ఈ వ్యాస విషయం. ఈ దశ నాలుగో వారంలో మొదలై ఎనిమిదో వారం దాకా సాగుతుంది. ఎండాకాలంలో దీని గురించి పెద్దగా ఆలోచించనక్కర లేదు. తలుపు తీస్తే పిల్లలే బయటికి నడుస్తాయి. కార్తీకం దాటాక సంగతి వేరు. పిల్ల ఒళ్ళు పెరిగే వేగం ఒకటి, ఒంటిమీద ఈకలు నిండే వేగం మరొకటి. నాలుగు వారాల పిల్లకు బ్రూడర్ ఇరుకవుతుంది, బయటి చలి మాత్రం ఇంకా ఎక్కువే. ఈ రెండింటి నడుమ దొరికే పది పదిహేను రోజుల ఎడమే పెంపకందారుకు అసలు పరీక్ష. ఆ ఎడాన్ని ఎక్కువ వేడితో నింపబోయి చెడగొట్టుకునేవాళ్ళు ఎక్కువ. పిల్లకు అప్పుడు కావలసింది పొడి నేల, దాని ఎత్తులో గాలి తగలని చోటు, రాత్రికి నిండిన కడుపు. వేడి వీటి తరవాతి మాట.

ఒంటివేడి, ఈకలు

గుడ్డులోంచి వచ్చిన పిల్ల 35 నుంచి 40 గ్రాములు తూగుతుంది. దాని ఒంటివేడి 39 డిగ్రీల సెల్సియస్‌కు అటూ ఇటూగా ఉంటుంది; పెద్దకోడికి 41 డిగ్రీలు దాటుతుంది. తొలి రోజుల్లో తన వేడిని తాను నిలుపుకునే శక్తి పిల్లకు లేదు. చుట్టూ చల్లబడితే అదీ చల్లబడిపోతుంది. రెండో వారంలో ఈ శక్తి అంకురించి, మూడో వారం ముగిసేసరికి కుదురుకుంటుంది. అయితే వేడి పుట్టించడం ఒక పని, పుట్టిన వేడి జారిపోకుండా పట్టుకోవడం మరో పని. ఆ రెండో పని ఈకలది.

పుట్టుకతో ఉండే నూగు పొడిగా ఉన్నంతసేపే అక్కరకొస్తుంది. తడిస్తే ఒంటికి అంటుకుపోయి చలిని ఆపడం అటుంచి, ఉన్న వేడినీ లాగేస్తుంది. నూగు స్థానంలో ఈకలు రావడానికి ఒక వరస ఉంది. మొదట రెక్కలకు, ఆ వెంటనే తోకకు, భుజాలకు మొలుస్తాయి. రొమ్ము, వీపు తరవాత నిండుతాయి. మెడ, తల అన్నిటికన్నా ఆలస్యం. నాలుగు వారాల పిల్లను పైనుంచి చూసినవాళ్ళు మోసపోయేది ఈ వరస వల్లే. ముడుచుకున్న రెక్కలు వీపును కప్పేసి పిల్ల నిండుగా కనిపిస్తుంది. చేతిలోకి తీసుకుని రెక్క ఎత్తి చూస్తే కింద ఎర్రటి చర్మం బయటపడుతుంది. రొమ్ము మీద, వీపు మీద నోటితో మెల్లగా ఊదితే ఈకలు విడిపోయి లోపలి చర్మం ఎంత బోసిగా ఉందో తెలుస్తుంది. పిల్లను బయటికి పంపాలా వద్దా అని తేల్చడానికి క్యాలెండరు కన్నా ఈ చిన్న పరీక్ష నమ్మదగినది. వీపు, రొమ్ము, రెక్కల కింద నిండిన పిల్లకు ఐదు వారాలే అయినా ఫరవాలేదు. నిండకపోతే ఏడు వారాలైనా అది లోపల ఉండవలసిన పిల్లే.

జాతిని బట్టి తేడా చాలా ఉంటుంది. లెగ్‌హార్న్ వంటి తేలికపాటి గుడ్ల జాతులకు ఈకలు త్వరగా నిండుతాయి. కొచ్చిన్, బ్రహ్మ వంటి బరువైన జాతులకు ఆలస్యమవుతుంది. ఈ నిదానాన్ని కలిగించే జన్యువు లింగ క్రోమోజోము మీద ఉంది. కొన్ని సంకర జాతుల్లో ఒకరోజు పిల్లల రెక్క ఈకల పొడవు చూసి పుంజేదో పెట్టేదో హేచరీ వాళ్ళు వేరుచేయగలిగేది అందుకే. అలాంటి పిల్లల్లో పెట్టలకు ఈకలు ముందొచ్చి, పుంజులు వెనకబడతాయి. గుంపులో కొన్ని పిల్లలు మాత్రమే రాత్రిళ్ళు అరుస్తూ ఉంటే ఆ వెనకబడ్డవి ఏవో చూడాలి. తెలుగునేల సొంత జాతి అసీల్‌కు ఈకలు బిగుతుగా, గట్టిగా, తక్కువగా ఉంటాయి, లోపలి మెత్తటి పొర పలచన. పందెం బరిలో మెచ్చుకునే ఆ ఒంటితీరే చలి రాత్రుల్లో దానికి ఇబ్బంది. మెడమీద ఈకలు లేని జాతులకూ అంతే: ఎండాకాలంలో వరమైన బోడిమెడ పుష్యమాసంలో వేడి పోగొట్టే దారి.

పరిమాణమూ సాయపడుతుంది. 40 గ్రాముల పిల్ల 400 గ్రాములకు ఎదిగినప్పుడు బరువు పది రెట్లు పెరిగితే ఒంటి ఉపరితలం దాదాపు నాలుగున్నర రెట్లే పెరుగుతుంది. అంటే గ్రాము ఒంటికి చలి తగిలే చర్మం సగానికన్నా తగ్గిపోతుంది. ఒకే వయసులో బలిసిన పిల్ల తట్టుకున్న చలిని బక్కపిల్ల తట్టుకోలేకపోవడానికి ఇదొక కారణం.

తల్లి రెక్కల నుంచి దీపం దాకా

పొదిగిన పెట్ట తన పిల్లల్ని సుమారు ఆరు నుంచి ఎనిమిది వారాలు వెంట తిప్పుకుంటుంది. మొదట్లో పది పన్నెండు పిల్లలూ రెక్కల కింద మాయమైపోతాయి. నెల దాటాక అవి పట్టవు. తలలు లోపల, తోకలు బయట. అయినా రాత్రిపూట దూరిపోతూనే ఉంటాయి. పగలంతా చల్లటి నేలమీద తిరుగుతూ, వణుకొచ్చినప్పుడు నిమిషమో రెండు నిమిషాలో తల్లి కిందికి వెళ్ళి వేడెక్కి మళ్ళీ పరుగెత్తుతాయి. ఈ తీరులో ఒక పాఠముంది. తల్లి చుట్టూ ఉన్న గాలిని వేడిచేయదు, అడిగిన పిల్లకు మాత్రమే వేడిస్తుంది. ఇలా పెరిగిన పిల్లకు చలి అలవాటవుతుంది, ఈకలూ బాగా వస్తాయి. గది మొత్తాన్ని 35 డిగ్రీల్లో ఉంచి పెంచిన పిల్లకు ఈకలు నిదానిస్తాయి, బయటికి రాగానే బెంబేలెత్తిపోతుంది.

తల్లి లేకుండా పిల్లల్ని పెంచే సాధనాన్ని శాస్త్రీయంగా పరిశీలించి రాసిన తొలివారిలో ఫ్రెంచి ప్రకృతి శాస్త్రవేత్త రెయోముర్ ఒకరు. 1749లో వెలువడిన గ్రంథంలో ఆయన, కుళ్ళుతున్న పేడ ఇచ్చే వేడితో గుడ్లు పొదిగించడాన్నీ, పిల్లలకు కృత్రిమ తల్లిని అమర్చడాన్నీ వివరించాడు. ఆ కృత్రిమ తల్లి ఏటవాలు కప్పున్న ఒక పెట్టె. లోపలి కప్పుకు గొర్రెతోలు ఉన్ని వైపు కిందికి ఉండేలా పరిచి ఉంటుంది. పిల్లలు తమ ఎత్తుకు తగ్గచోట దూరి, ఉన్ని వీపుకు ఆనేలా నిలబడతాయి. కప్పు ఏటవాలుగా ఉండడంవల్ల చిన్నదానికీ పెద్దదానికీ చోటు దొరుకుతుంది. ఇప్పుడు పాశ్చాత్య దేశాల పెరళ్ళలో వాడే, నాలుగు కాళ్ళ మీద ఏటవాలుగా నిలిపే వెచ్చటి పలకలు అదే ఆలోచనకు కరెంటు రూపం.

1879లో కాలిఫోర్నియాలోని పెటలూమాలో లైమన్ బైస్ ఇంక్యుబేటరు తయారుచేశాక, 1918లో అమెరికా తపాలా శాఖ ఒకరోజు పిల్లల్ని పోస్టులో పంపడానికి ఒప్పుకున్నాక, తల్లి లేని పిల్లలు లక్షల్లో పుట్టడం మొదలైంది. పుట్టిన పిల్ల కడుపులో మిగిలిన పచ్చసొన దాన్ని రెండు మూడు రోజులు పోషిస్తుంది కాబట్టే ఆ ప్రయాణం సాధ్యమైంది. 1940ల్లో ఒహాయో వ్యవసాయ ప్రయోగ కేంద్రం ప్రచారం చేసిన దీపాల బ్రూడరు పేదరైతు కోసం చేసినది: తక్కువ ఎత్తులో ఒక చెక్క పెట్టె, పైన బల్లపరుపు కప్పు, కప్పు మీద ఊక పొర, లోపల రెండు మూడు బల్బులు. వేడిగాలి పైకి పోయే దారి లేక కప్పు కిందే నిలిచిపోతుంది. ఇథియోపియా పల్లెల్లో వాడుకలోకొచ్చిన గడ్డిపెట్టె ఇంకో అడుగు ముందుకు వెళ్ళింది. అందులో బల్బే లేదు. గోడల్లో ఎండుగడ్డి కూరిన పెట్టెలో పిల్లల ఒంటివేడే పిల్లల్ని కాపాడుతుంది, పగలు ముందున్న వాకిట్లో తిరుగుతాయి. కరెంటు ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో తెలియని మన ఊళ్ళకు, బ్రూడర్ దాటిన పిల్లలకు, ఇంతకన్నా తగిన నమూనా నాకు కనబడదు.

వేడి మాన్పించడం

మొదటి వారంలో పిల్లల వీపు ఎత్తులో 35 డిగ్రీల సెల్సియస్, అంటే 95 ఫారెన్‌హీట్. ఆపై వారానికి సుమారు మూడు డిగ్రీల సెల్సియస్ చొప్పున తగ్గిస్తూ ఆరో వారానికి 21 డిగ్రీలకు తేవడం అందరూ పాటించే లెక్క. థర్మామీటరు లేకపోయినా పిల్లలే చెబుతాయి. పడుకున్నప్పుడు కాళ్ళు చాపి, రెక్కలు వదులుగా, విడివిడిగా పరుచుకుంటే హాయిగా ఉన్నట్టు. దీపం కిందే గుమిగూడి సన్నగా, ఎడతెగకుండా అరుస్తుంటే చలి. ముక్కులు తెరిచి అంచులకు తప్పుకుంటే వేడి ఎక్కువైంది. అన్నీ ఒకే పక్కకు జరిగాయంటే ఎదుటి పక్కనుంచి గాలి దూరుతోందని అర్థం.

చలికాలంలో మాన్పించడం మెట్లుమెట్లుగా జరగాలి. మూడో వారం నుంచి ఎండ కాసే వేళ బల్బు ఆర్పి, పొద్దువాలాక వెలిగించాలి. నాలుగు రోజులు అలా గడిచాక రాత్రి తొలిజాము ఆర్పి ఉంచి, తెల్లవారుజామున మాత్రం వెలిగించవచ్చు. చలి ముదిరేది రాత్రి మొదట్లో కాదు, రెండు గంటల నుంచి సూర్యోదయం దాకా. కనిష్ఠ ఉష్ణోగ్రత నమోదయ్యేది పొద్దుపొడుపుకు ముందే. సాయంత్రం పిల్లల్ని చూసి బాగున్నాయని నిద్రపోయినవాళ్ళకు తెల్లారి మూలలో కుప్ప కనబడడానికి ఇదే కారణం. కొత్తచోటికి మార్చిన మొదటి మూడు రాత్రులు నాలుగింటికి లేచి ఒకసారి చూసి రావడం మంచిది.

చీకటి అలవాటు గురించి ఎవరూ ముందుగా చెప్పరు. నెలంతా తెల్లటి బల్బు వెలుగులోనే పెరిగిన పిల్లలు కరెంటు పోయిన క్షణంలో భయంతో ఒక మూలకు ఉరుకుతాయి. ఒకదానిమీద ఒకటి ఎక్కి, అడుగున పడ్డవి ఊపిరాడక చనిపోతాయి. వాటిని చంపింది చలి కాదు, చీకటి. మొదటి వారం నుంచే రోజూ గంటసేపు చీకటి చూపిస్తే ఈ ప్రమాదం తప్పుతుంది. గది మూలల్ని అట్టముక్కతోగానీ వెదురు తడికతోగానీ గుండ్రంగా మలిస్తే ఉరికినా గోడవెంట తిరిగిపోతాయి తప్ప మూలలో ఇరుక్కోవు. బ్రూడర్ చుట్టూ పిల్లలకు కంచెలా కట్టే చిక్ గార్డును గుండ్రంగా ఉంచడంలో ఉన్న తెలివి కూడా ఇదే. దాన్ని తీసేసినరోజు మూలలు మళ్ళీ వచ్చిపడతాయని మరిచిపోకూడదు.

నిప్పు సంగతీ ఇక్కడే చెప్పాలి. బొగ్గుల కుంపటి మూసిన గదిలో పెడితే కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటుంది. దానికి రంగూ వాసనా లేవు. పిల్లలతోపాటు కాపలా పడుకున్న మనిషినీ చంపుతుంది. 250 వాట్ల ఇన్‌ఫ్రారెడ్ బల్బు ఊకమీద పడితే నిమిషాల్లో మంట లేస్తుంది. వేలాడదీసిన తీగ కాక ఇంకో గొలుసు కూడా దానికి ఆధారంగా కట్టాలి.

గాలి, చెమ్మ

చలికి భయపడి నాలుగువైపులా పాలిథిన్ కట్టేసిన షెడ్డులోకి తెల్లారి అడుగుపెడితే కళ్ళు మండుతాయి. పైరేకు నుంచి నీటిచుక్కలు రాలుతుంటాయి. ఊక కాళ్ళకు అంటుకుంటుంది. చలికాలపు వసతిలో జరిగే పెద్ద తప్పు ఇదేనని గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఇది ప్రేమతో చేసే తప్పు.

కోడి తిన్న దాణాకు రెట్టింపు బరువు నీళ్ళు తాగుతుంది. వంద పిల్లలు రోజుకు ఐదు కిలోల దాణా తింటే పది లీటర్ల దాకా నీళ్ళు వాటి ఒళ్ళలోంచి నడుస్తాయి. పెరుగుదలకు నిలిచేది పోగా మిగిలినదంతా ఊపిరిలో ఆవిరిగా, రెట్టలో తడిగా ఆ గదిలోకే వస్తుంది. ఆ ఆవిరి బయటికి పోవాలి. దారి మూసేస్తే చల్లటి రేకుకు తగిలి నీరై, కింద ఊకలో పడి, ఊకను నానబెడుతుంది. తడి ఊకలో సూక్ష్మజీవులు రెట్టలోని యూరిక్ ఆమ్లాన్ని విడగొట్టి అమ్మోనియా పుట్టిస్తాయి. అమ్మోనియా గాలిలో పదిలక్షల భాగాలకు 25 భాగాలు మించకూడదు. మన ముక్కుకు ఘాటు తెలిసిందంటే ఆ హద్దు దగ్గరికొచ్చినట్టే. రోజూ అదే షెడ్డులో తిరిగేవాళ్ళ ముక్కు మొద్దుబారుతుంది కాబట్టి బయటినుంచి వచ్చినవాళ్ళ మాట వినాలి. ఈ వాయువు పిల్లల శ్వాసనాళంలో దుమ్మునూ క్రిముల్నీ బయటికి ఊడ్చే సన్నటి నూగు కదలికను దెబ్బతీస్తుంది. ఆ తరవాత వచ్చే గురకను, ముక్కు కారడాన్ని చలి వల్ల అనుకుని పరదాలు ఇంకా బిగిస్తారు.

గాలి కావాలి, చలిగాలి తగలకూడదు. ఈ రెండూ ఎదురెదురు కోరికల్లా వినిపిస్తాయిగానీ నిజానికి ఎత్తులో తేడా అంతే. పిల్లల ఎత్తులో, అంటే నేలనుంచి రెండు మూడు అడుగుల దాకా, గోడ మూసి ఉండాలి. ఆ పైన, చూరు కింద, తెరిచి ఉండాలి. వెచ్చటి తడిగాలి పైకి లేచి అక్కడినుంచి పోతుంది. పరదా కట్టేటప్పుడు పైనుంచి కిందికి తెరుచుకునేలా కట్టాలి. కిందనుంచి చుట్టి పైకెత్తే పరదా మొదటి అడుగు ఎత్తగానే చలిగాలిని తిన్నగా పిల్లలమీదికి తోస్తుంది. చలి ఎంత ఉన్నా పైన అడుగు మేర తెరిచే ఉంచడం మంచి షెడ్డు పద్ధతి. 20వ శతాబ్దం తొలినాళ్ళలో అమెరికా వైద్యుడు ప్రిన్స్ టి. వుడ్స్ మంచు కురిసే ఊళ్ళలో కూడా మూడువైపులా గట్టిగా మూసి, దక్షిణం వైపు తెరిచి ఉంచే కోళ్ళ ఇళ్ళను సమర్థించాడు. మూడువైపులా మూసిన గదిలో గాలి ఎదురుగా దూసుకురాదు, లోపలి గాలి నిలువుగా మారుతుంటుంది. అక్కడ పనికొచ్చింది ఇక్కడ పనికిరాకపోవడానికి కారణమేదీ లేదు.

మన షెడ్లు సాధారణంగా తూర్పు పడమరలుగా పొడవుండేలా కడతారు, వేసవి ఎండ లోపలికి రాకుండా. శీతాకాలంలో సూర్యుడు దక్షిణానికి వాలి నడుస్తాడు కాబట్టి దక్షిణపు పరదా పగలు దించితే ఎండ లోపలికి పడుతుంది, ఊక ఆరుతుంది. ఉత్తరం, తూర్పు పక్కల పరదా బిగించి ఉంచాలి. కప్పు విషయంలో తాటాకు, రెల్లుగడ్డి రేకుకన్నా మేలు. అవి చల్లబడి చెమర్చవు, సన్నటి సందుల్లోంచి ఆవిరి కాస్త పోతుంటుంది. రేకు కప్పే ఉంటే దాని కింద గోనె సంచులో వెదురు చాపలో కడితే చుక్కలు రాలడం తగ్గుతుంది.

నేలమీద వరి ఊకగానీ, వేరుశనగ పొట్టుగానీ, రంపపు పొట్టుగానీ ఏ ఊళ్ళో ఏది దొరికితే అది వేయవచ్చు. మామూలు రోజుల్లో రెండు మూడు అంగుళాల మందం చాలు. చలికాలంలో నాలుగైదు అంగుళాలు ఉండాలి. తడి లేకుండా రోజూ తిరగేస్తే మందమైన ఊక నెమ్మదిగా మాగుతూ అడుగున కొంచెం వెచ్చదనాన్ని ఇస్తుంది. గుప్పెట్లో ఊక బిగించి వదిలినప్పుడు కాస్త అంటుకుని తరవాత విడిపోతే సరిగ్గా ఉన్నట్టు. ముద్దలా నిలిచిపోతే తడి. అలాంటి చోట ఊక ఎత్తిపారేసి పొడిది వేయడమే మార్గం. ఘాటు లేచాక సున్నం చల్లితే మొదట ఘాటు ఇంకా పెరుగుతుంది, సున్నపు క్షారం రెట్టలోని అమ్మోనియాను గాలిలోకి తోస్తుంది కాబట్టి. సున్నం వేసేదేదో ఊక పొడిగా ఉన్నప్పుడే కలపాలి. నీళ్ళ గిన్నె చుట్టూ తడి ఎక్కువ. గిన్నెను ఇటుకలమీద పిల్ల వీపు ఎత్తుకు లేపితే సగం తడి ఆగిపోతుంది.

పడుకునే పెట్టె

విశాలమైన చల్లటి గదిలో పదిపాతిక పిల్లల్ని వదిలేస్తే వాటి ఒంటివేడి చూరెక్కిపోతుంది. పరిష్కారం గదిలో గది. తిరిగేందుకు చోటు పెద్దది: నాలుగు నుంచి ఎనిమిది వారాల పిల్లకు ఒక్కొక్కదానికి చదరపు అడుగు, ఆపై ఒకటిన్నర నుంచి రెండు. పడుకునేందుకు చోటు మాత్రం చిన్నది, అడుగు అడుగున్నర ఎత్తున్నది, మూడువైపులా మూసినది. పాత చెక్కపెట్టెగానీ, బోర్లించి ఒకపక్క ద్వారం కోసిన పెద్ద గంపగానీ, మందపు అట్టపెట్టెగానీ చాలు. గంప మీద గోనె కప్పవచ్చు, కానీ పైన ఆవిరి పోయే సందు వదలాలి. లోపల ఎండుగడ్డి దట్టంగా వేయాలి. పిల్లలు పక్కపక్కన ఒకే వరసలో ఒదిగి పడుకోవడం మామూలే. ఒకదానిమీద ఒకటి ఎక్కుతుంటేనే చలి ఎక్కువైనట్టు. గుంపులో ఎప్పుడూ అంచున మిగిలిపోయే బక్కపిల్లను వేరుగా, తన ఈడువాటితో ఉంచడం దయ మాత్రమే కాదు, అవసరం.

నాలుగో వారం నుంచి పిల్లలకు కర్రమీద వాలే బుద్ధి పుడుతుంది. నేలకు అరడుగు ఎత్తులో, పైభాగం బల్లపరుపుగా చెక్కిన కర్రలు అమర్చితే వాటిమీద కూర్చుని రొమ్ము ఈకలతో కాలివేళ్ళను కప్పుకుంటాయి. తడి ఊకకు దూరంగా ఉంటాయి. గుంపు కట్టి మూలలో ఊపిరాడక చావడం కూడా కర్ర అలవాటైన పిల్లల్లో తగ్గుతుంది. ఎత్తైన ఇనుపగొట్టం మాత్రం వద్దు. ఇనుము చలిని నేరుగా పాదాల్లోకి పంపుతుంది.

ఎలుకలు, పందికొక్కులు, ముంగిసలు, అడవిపిల్లులు చలి రాత్రుల్లో వెచ్చదనం వాసన పట్టి వస్తాయి. నేలనుంచి రెండడుగుల దాకా అర అంగుళం కన్నున్న జాలీ, దాని అంచు నేలలో పాతి ఉండాలి. పిల్లి పంజా దూరేంత సందున్న తడిక పక్కన పిల్లలు ఒరిగి నిద్రపోతే తెల్లారి తలలు ఉండవు.

మన్యంలో, ఆదిలాబాదులో

తెలుగు రాష్ట్రాల్లో చలి అందరికీ ఒకటి కాదు. కృష్ణా, గోదావరి డెల్టాల్లో డిసెంబరు రాత్రి పదిహేను డిగ్రీల దగ్గర ఆగుతుంది; అక్కడ ఐదు వారాల పిల్లకు గాలి మరుగు ఉంటే చాలు. ఆదిలాబాదు, కుమురం భీం ఆసిఫాబాదు జిల్లాల్లోనూ, అల్లూరి సీతారామరాజు జిల్లాలోని పాడేరు, చింతపల్లి, లంబసింగి, అరకు ప్రాంతాల్లోనూ ఐదు డిగ్రీల దాకా, కొన్ని రాత్రులు అంతకన్నా కిందికీ దిగుతుంది. మన్యంలో సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తు, ఉదయం తొమ్మిదింటి దాకా వీడని మంచు. మధ్యాహ్నం మళ్ళీ ఇరవై ఐదు డిగ్రీల ఎండ. పగటికీ రాత్రికీ ఉన్న ఈ అగాధమే అక్కడి పిల్లలకు కష్టం. మధ్యాహ్నపు ఎండ చూసి బయట వదిలిన పిల్ల నాలుగింటికే నీడపడే కొండవాలులో చిక్కుకుంటుంది. ఉదయపు మంచుకు తడిసిన గడ్డిలో నడిస్తే కడుపు కింది నూగు తడుస్తుంది. మంచు విడిచాకే తలుపు తీయడం, పొద్దు కొండ దాటకముందే మూయడం అక్కడి పిల్లలకు ఏ బల్బుకన్నా ఎక్కువ మేలు చేస్తాయి.

ఈ ఊళ్ళకు చేరే పిల్లల్లో వనరాజా, గ్రామప్రియ, రాజశ్రీ ముఖ్యమైనవి. మొదటి రెండింటినీ హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన డైరెక్టరేటు, మూడోదాన్ని అక్కడి పశువైద్య విశ్వవిద్యాలయం రూపొందించాయి. పెరటి పెంపకానికి పిల్లల్ని ఒకరోజు వయసులో కాక, మదర్ యూనిట్లలో కొన్నాళ్ళు పెంచి ఇస్తారు. ఆలోచన గొప్పది. బల్బు, టీకాలు, నాణ్యమైన దాణా అక్కడే అయిపోతాయి, ఇంటికి గట్టిపిల్ల వస్తుంది. చిక్కల్లా వయసులో ఉంది. ప్రభుత్వ పథకాల్లో నాలుగు వారాల పిల్లనిచ్చే పద్ధతి వాడుకలో ఉంటే, పరిశోధకులు ఆరు వారాల నర్సరీ పెంపకాన్ని సూచిస్తారు. మార్చిలో ఈ రెండు వారాల తేడా తెలియదు. డిసెంబరులో పాడేరు కొండల్లోకి నాలుగు వారాల పిల్లను దింపితే, మైదానంలోని వెచ్చటి షెడ్డునుంచి గాలి కొట్టే జీపులో ఐదు డిగ్రీల రాత్రిలోకి అది ఒక్కరోజులో వెళ్తుంది. చలి నెలల్లో కొండప్రాంతాలకు ఆరు వారాలు నిండిన పిల్లల్నే పంపాలన్నది ఈ వ్యాసకర్త అభిప్రాయం. రెండు వారాల దాణా ఖర్చు చనిపోయే పిల్లల ఖరీదు ముందు చిన్నది. అంత వీల్లేనప్పుడు, పంపే ముందు వారం మదర్ యూనిట్‌లోనే రాత్రి బల్బు మాన్పించి పంపినా సగం గండం గట్టెక్కినట్టే.

వచ్చిన పిల్లల్ని తీసుకున్న ఇంట్లో, మొదటి వారం రాత్రిళ్ళు వంటింటి పక్క వసారాలో గంపకింద ఉంచే ఆడవాళ్ళ అలవాటు సరైనదే. పొయ్యి వెచ్చదనం గోడకు ఉంటుంది, మనిషి అలికిడికి పిల్లి రాదు. పొగ మాత్రం గంపవైపు తిరగకుండా చూసుకోవాలి. నాటుకోడి పొదిగించేవాళ్ళు కాలాన్నే సర్దుకోవచ్చు. దసరా తరవాత పుట్టిన పిల్లలు ఈకలు నిండే వయసులో చలిలో చిక్కుతాయి. సంక్రాంతి దాటాక పుట్టినవి చలి తగ్గుతుండగా ఎదిగి, వేసవి ముదిరేలోపు నిలదొక్కుకుంటాయి.

మేత, టీకాలు, జబ్బులు

చలిలో పిల్ల ఎక్కువ తింటుంది, తిన్నదాన్లో కొంత వేడికే పోతుంది. ఎనిమిది వారాల దాకా 20 శాతం మాంసకృత్తులున్న స్టార్టర్ దాణా, ఆపై 16 శాతం గ్రోయర్ దాణా మామూలు క్రమం. పొద్దుగూకే ముందు కాసిని జొన్నలో, నలగ్గొట్టిన మొక్కజొన్నో, నూకలో అదనంగా వేస్తే మెడకింది మేతసంచి నిండి రాత్రంతా నెమ్మదిగా అరుగుతుంది. గింజ తినే పిల్లకు సన్నటి ఇసుకరాళ్ళు అందుబాటులో ఉండాలి, కందనకాయలో గింజ నలగడానికి. ఉదయం నీళ్ళు గోరువెచ్చగా పెడితే బాగా తాగుతాయి. చల్లటి నీళ్ళకు వెనకాడి తక్కువ తాగిన పిల్ల మేతా తక్కువే తింటుంది.

మూడు నుంచి ఆరు వారాల నడుమ కాక్సిడియోసిస్, పల్లెల్లో రక్త పారుడు అనే జబ్బు, పొంచి ఉంటుంది. దీన్ని కలిగించే ఐమీరియా పరాన్నజీవి గుడ్లు ముదరడానికి తేమ, వెచ్చదనం, గాలి కావాలి. తడిసిన మందపు ఊక మూడూ ఇస్తుంది. అంటే చలికాలపు మూసిన షెడ్డే దానికి పొలం. వేగంగా పెరిగే బ్రాయిలర్లలో చలి మరో రూపంలో దెబ్బకొడుతుంది. వేడి పుట్టించడానికి ప్రాణవాయువు అవసరం పెరిగి, గుండె కుడిభాగం మీద భారం పడి, పొట్టలో నీరు చేరుతుంది. కొక్కెర తెగులుకు మొదటి వారంలో లసోటా, ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య ఆర్2బి టీకా వేస్తారు. ఈ రెండో టీకా కాలమూ, గూడు మార్చే కాలమూ ఒకేచోట పడతాయి. రెండూ ఒకేరోజు చేయకూడదు. టీకా వేసిన వారం తరవాతగానీ, మార్చి కుదురుకున్న వారం తరవాతగానీ రెండోది చేయాలి.

మార్చే రోజు

ఎండ బాగా కాసే రోజు చూసుకుని, ఉదయం పదిగంటల ప్రాంతంలో మార్చాలి. సాయంత్రం మార్చిన పిల్లలకు కొత్తచోటు చూసుకునే వెలుగు ఉండదు. గుంపంతా ఒక్కసారే కదలాలి. పాత దాణా తొట్టి, పాత నీళ్ళగిన్నె, పాత ఊక రెండు తట్టలు వెంట తీసుకెళితే పిల్లలకు వాసనతో చోటు తెలుస్తుంది. పడుకున్న పెట్టెనే అక్కడికి చేరిస్తే ఇంకా మంచిది. పెద్దకోళ్ళు ఉన్న గూడైతే మధ్యలో జాలీ అడ్డుపెట్టి ఒకదాన్నొకటి చూసుకునేలా రెండు వారాలు ఉంచాలి. తిన్నగా కలిపితే పెద్దవి వీపు ఈకలు పీకేస్తాయి, అప్పుడే నిండిన ఈకలు. మొదటి నాలుగైదు రోజులు తలుపు తీయకుండా లోపలే మేపాలి. చీకటిపడే వేళ అవి పెట్టెలోకి వెళ్ళకుండా తలుపు దగ్గరే గుంపుకడితే, ఒక్కొక్కదాన్నీ చేత్తో ఎత్తి లోపల పెట్టాలి. సాధారణంగా మూడో సాయంత్రానికి రెండు పిల్లలు తమంతట తామే లోపలికి నడుస్తాయి, మిగిలినవి వాటి వెనకే వెళ్తాయి.